సైకిలు ప్రయాణము – పనిముట్ల సంచి

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలకు రెండు స్వభావములు గలవు. వాన కురిసినచో అది బంకవలె పట్టుకొనును. ఎండ ముదిరినచో బారెడు నెఱ్ఱెలు విచ్చును. ఈ రెంటికి నడుమ, ప్రత్తి చేలు ఇంకను తెల్లగ నుండగనే మిరప కల్లములు ఎఱ్ఱగ పరచుకొను మాఘమాసమున, తెలవారకముందే సైకిలెక్కి పోవుటకంటె హాయియైన ప్రయాణమును నేనెఱుగను. దారి చదునుగ నుండును. చలిగాలి ముఖమునకు తగులుచుండును. కల్లముల ప్రక్కగా పోవునప్పుడు ఘాటునకు ఒకటి రెండు తుమ్ములు వచ్చును. అవియును ఆ ప్రయాణములోని భాగమే.

అట్టి ప్రయాణమునకు ముందునాటి రాత్రి ప్రతి సైకిలువాని యెదుటను ఒక ప్రశ్న నిలుచును: సంచిలో ఏ పనిముట్లు పెట్టుకొనవలెను? కొందఱు ఏమియు తీసికొనరు. కొందఱు ఇంటనున్న ఇనుమంతయు మూటగట్టుదురు. నేను మొదట రెండవ తెగవాడను. ఆ తెగను విడుచుటకు కారణమైన సంగతిని ముందుగ చెప్పి, తరువాత నా అభిప్రాయమును చెప్పెదను.

అది 1987 ఫిబ్రవరి. నేను తెలుగు పండితుడనై ఉద్యోగమున చేరి నాలుగైదేండ్లు మాత్రమే అయినది. మా పాఠశాల నరసరావుపేటకు దాపుననున్న ఒక పల్లెలో నుండెను. పదవ తరగతిలో ఒక బాలుడు పద్యమెత్తుకొన్నచో, బాటను పోవువారు బండి నిలిపి వినెడివారు. ఒంగోలులో ఒక సంస్థవారు పద్యపఠనమున పోటీ ఏర్పాటుచేసి, గెలిచినవానికి కళాశాలలో రెండేండ్ల జీతము తామే కట్టెదమని ప్రకటించిరి. ఆ బాలుని తండ్రి మిరప చేలలో కూలి చేసి బ్రతుకువాడు. రెండేండ్ల జీతమనగా ఆ యింటికి చిన్న మాట కాదు.

పోటీ పగలు పదకొండు గంటలకు. మా పల్లెకు తొలి బస్సు ఎనిమిదింటికిగాని రాదు. దానిని నమ్మినచో వేళకు అందుట దుర్లభము. ముందునాడే పోయి తలదాచుకొనుటకు ఒంగోలులో మాకెవ్వరును లేరు. కావున సైకిళ్లపై పోదమని నేనే అంటిని. అద్దంకి, మేదరమెట్లల మీదుగా ఒంగోలు సుమారు 85 కిలోమీటర్లుండును. రాత్రి మూడు గంటలకు బయలుదేరితిమి. నా క్యారియరుపై ఒక గోనెసంచి కట్టితిని. అందులో పెద్ద రెంచి యొకటి, పానాలు ఆరు, సుత్తి, ఆకురాయి, కటింగు ప్లయరు, రెండు స్క్రూడ్రైవరులు, నూనెడబ్బా, పాత చైనుముక్క, పంపు, పంక్చరు సామాను ఉండెను. ఆ సంచిని తరువాత ఒకనాడు కిరాణా కొట్టులో తూచి చూచితిని. నాలుగు కిలోలకు పైగా తూగినది.

సంతమాగులూరు దాటి చాల దూరము పోయితిమి. తూర్పు తెలవారుచుండగా బాలుని సైకిలు వెనుక చక్రము మెత్తబడెను. గాలి కొట్టితిమి. కిలోమీటరు పోవునప్పటికి మఱల మెత్తబడెను. నేను గొప్పగ సంచి విప్పి, ట్యూబును బయటకు లాగి, చెంపకు దగ్గరగా పెట్టుకొని వెదకితిని. చిల్లు కనబడలేదు. అనుమానమున్న చోట ఒక అతుకు వేసితిని. గాలి నిలువలేదు. మఱియొక చోట మఱియొక అతుకు వేసితిని. దానివలనను ప్రయోజనము లేకపోయెను. ఇట్లు గంటన్నర గడచినది. తుదకు సైకిళ్లను నడిపించుకొనుచు ఆరేడు కిలోమీటర్లు నడచి, గుండ్లకమ్మ ఒడ్డునున్న అద్దంకి చేరితిమి.

అక్కడి సైకిలు దుకాణదారుడు వయసు మళ్లినవాడు. అతడు ట్యూబును ముట్టనేలేదు. వ్రేలికి ఉమ్మి తడి చేసికొని వాల్వు మూతిపై రాచెను. బుడగ లేచెను. వ్రేళ్లతోనే మర విప్పి లోని పుల్లను బయటకు తీసెను. దానిపై తొడిగియుండవలసిన సన్నని రబ్బరు గొట్టము ఎండి చీలియుండెను. క్రొత్త ముక్క తొడిగి మర బిగించెను. అంతయు రెండు నిమిషముల పని. నా సంచివైపు చూచి, “పంతులుగారూ, బండెడు ఇనుము మోసుకొచ్చారే గాని బెత్తెడు రబ్బరు ముక్క తెచ్చుకోలేదా!” అని నవ్వెను. డబ్బులియ్యబోగా పుచ్చుకొనలేదు.

మేము ఒంగోలు చేరునప్పటికి పగలు పన్నెండున్నర దాటినది. పోటీ ముగిసినది. వారి నియమము వారిది; వారియందు దోషము లేదు. బాలుడు నన్నొక్క మాటయు అనలేదు. తిరుగు దారిలో మాత్రము, “అయ్యవారూ, ఆ సంచి నా బండి మీద కట్టండి. మీరు అలిసిపోయారు” అనెను. ఆ యేడు అతడు కళాశాలలో చేరలేదు. తండ్రితో కూడ మిరప కోతలకు పోయెను. మఱల చదువు అందుటకు రెండేండ్లు పట్టినది.

ఈ సంగతి విన్నవారు ‘రబ్బరు ముక్కను మరువరాదు’ అని మాత్రమే గ్రహింతురు. నేను గ్రహించినది వేఱు. సంచి బరువు నాకు ధైర్యమిచ్చెను. ఆ ధైర్యము నన్ను ఆలోచింపనీయలేదు. సంచి నిండియున్నందున అందులో ఏమి లేదో నేను చూడనేలేదు. కావుననే పనిముట్లు తేలికగ నుండవలెనని నేను వాదించుచున్నాను. కాలికి శ్రమ తగ్గునన్నది రెండవ కారణము మాత్రమే.

నిజము చెప్పవలెనన్న, మా ప్రాంతపు చదును దారులలో ఒక కిలో బరువు కాలికి అంతగా తెలియదు. ఒక చాలున పోవు సైకిలును వెనుకకు లాగునవి ఎదురుగాలియు, టైరు నేలను ఒరయుటయు. గాలి తగ్గిన టైరు కిలో ఇనుముకంటె ఎక్కువ శ్రమ పెట్టును. కాని ఎత్తునకు పోవునప్పుడు లెక్క మారును. మనిషి 60 కిలోలు, మన సాధారణ సైకిలు సుమారు 20 కిలోలు, మొత్తము 80 అనుకొందము. నా గోనెసంచి దానిలో ఇరువదవ వంతు. అనగా 20 మీటర్ల ఎత్తెక్కిన ప్రతిసారియు ఒక మీటరు ఊరక ఎక్కినట్లే. దోర్నాల దాటి నల్లమల కనుమలో శ్రీశైలము వైపు పోవువాడు ఈ లెక్కను పుస్తకమున చదువనక్కరలేదు. అతని మోకాళ్లే చెప్పును. పైగా వెనుక క్యారియరుపై అదరుచుండు ఇనుము, క్యారియరు మరలను తానే వదులుచేయును. బాగుచేయుటకు మోయు సామగ్రియే చెఱుపునకు కారణమగుట వింత గాదా!

అయినచో దేనిని తీసికొనవలెను, దేనిని విడువవలెను? అంగడిలో అడుగుటకంటె సైకిలును అడుగుట మేలు. ప్రయాణమునకు ఒక వారము ముందు, వెంట తీసికొనదలచిన పనిముట్లనే దగ్గర పెట్టుకొని, మీ సైకిలునకున్న ప్రతి మరను విప్పి మఱల బిగింపుడు. చక్రము ఊడదీసి మఱల ఎక్కింపుడు. మంచి ట్యూబునకైనను ఒక అతుకు వేసి చూడుడు. ఆ పనులలో ఒక్కసారియు చేతికి రాని పనిముట్టు ఇంటనే యుండవలెను. చేయి వెదకినది సంచిలో లేనిచో అది చేరవలెను. నేనిట్లు చేసిన నాడు సుత్తి, ఆకురాయి, నూనెడబ్బా, నాలుగు పానాలు సంచినుండి దిగిపోయినవి.

మన దేశపు పాత తరహా సైకిలును గూర్చి ఒక రహస్యము చెప్పెదను. పంక్చరు వేయుటకు దాని చక్రమును విప్పనక్కరలేదు. టైరును ఒక ప్రక్క అంచునుండి తప్పించి, ట్యూబును కావలసినంత బయటకు లాగి, అతుకువేసి మఱల లోనికి పెట్టవచ్చును. దుకాణములవారు చేయునదియు ఇదియే. వెనుక చక్రము విప్పవలెనన్న స్టాండు, మడ్డుగార్డు ఊచలు, చైను కవరు అన్నియు కదలవలెను. మారు ట్యూబు వేయుటకు అదంతయు తప్పదు. కావున అట్టి సైకిలువాడు మారు ట్యూబును మోయుటకంటె అతుకులను మోయుట తెలివి. క్రొత్తరకపు సైకిళ్లలో చక్రము ఒక మీటను తిప్పినంతనే ఊడివచ్చును. వారికి మారు ట్యూబే సుఖము: చెడినదానిని మార్చి సాగిపోయి, రాత్రి బసలో తీరికగ అతుకు వేసికొనవచ్చును. ఒకని సంచి మఱియొకనికి పనికిరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అతుకు సామానులో ఉప్పుకాగితపు ముక్క, నాలుగైదు అతుకులు, సొల్యూషను గొట్టము ఉండును. అన్నియు కలిసి గుప్పెడు వేరుసెనగల బరువైనను ఉండవు. ఇందు ద్రోహము చేయునది సొల్యూషను. ఒకసారి మూత విప్పిన గొట్టము, వాడినను వాడకున్నను, కొన్ని నెలలలో లోలోపలే ఎండిపోవును. మా ఎండలలో మఱింత త్వరగ ఎండును. బయటకు చూచిన నిండుగనే యున్నట్లు తోచును. బయలుదేరుటకు ముందు నొక్కి చూడుడు. దానిని పూసిన వెంటనే అతుకును అద్దరాదు; తడి ఆఱి జిగట మిగులువఱకు ఆగవలెను. ఈ కొలది నిమిషములు ఆగలేక ఎన్ని అతుకులు వ్యర్థమగునో చెప్పలేము.

మా దారులలో పంక్చరునకు మొదటి కారణము ముల్లు. డొంకల వెంట, కాలువ గట్ల వెంట సర్కారు తుమ్మ పెరిగియుండును. నేలబారుగ పల్లేరు కాయలు పడియుండును. తుమ్మముల్లు టైరులో విరిగి, మొన మాత్రమే లోపల నిలుచును. దానిని తీయక అతుకువేసినచో గడియలో మఱల గాలి పోవును. టైరు లోపల వ్రేలితో మెల్లగ తడిమి, ఆ మొనను చిన్న పటకారుతో లాగివేయవలెను. ఆ పటకారు బరువు పదిపదునైదు గ్రాములుండును. నా పెద్ద రెంచి ఈ పనిని జన్మములో చేయలేదు. మఱియొక మాట. మిరప కల్లములో ఆగి, కాయలు ముట్టి, ఆ చేతితో కన్ను నలుపుకొన్నచో అతుకు సంగతి అటుంచి దారియే కనబడదు. సీసాలో నీళ్లుండగా ముందు చేయి కడుగుకొనుడు.

తేలిక యనగా కురుచ యని కొందఱు భ్రమపడుదురు. ఇది ప్రమాదము. మీరు భౌతికశాస్త్రమున చదివిన మీట సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 20 సెంటీమీటర్ల పానాతో కదలు మరను 10 సెంటీమీటర్ల పానాతో కదల్చుటకు రెట్టింపు బలము కావలెను. వెనుక ఇరుసు మరలు గట్టిగ బిగిసియుండును. అంగళ్లలో రేకును కోసి అనేక రంధ్రములు పెట్టిన చవుక పానా యొకటి అమ్ముదురు. జేబులో పట్టును, చూచుటకు ముచ్చటగనే యుండును. దానితో గట్టిగ తిప్పినచో మర కదలదు సరిగదా, దాని మూలలు అరిగి గుండ్రనై, ఆ పిమ్మట మంచి పానాకును లొంగదు. కావున ఇరుసు మరకు సరిపోవు మంచి ఉక్కుపానా ఒక్కటి, నిండు పొడవుగలది, బరువైనను ఉంచుకొనుడు. బరువు తగ్గించుట యనగా పనికిరానివానిని విడుచుట. పనికివచ్చువానిని నరుకుట కాదు.

పంపు విషయమునను ఇట్లే. పందెపు సైకిళ్ల సన్నని టైర్లకై చేసిన చిటికెన వ్రేలంత పంపు మిక్కిలి తేలిక. కాని మన లావు టైరును అది నింపవలెనన్న వందలకొలది పోట్లు పొడువవలెను. ఎండలో ఆ పని చేసి చూచినవాడు ఇంకొక వంద గ్రాములు మోయుటకు సంతోషముగ ఒప్పుకొనును. పంపు మూతి తన వాల్వునకు సరిపోవునో లేదో కూడ ఇంటివద్దనే చూచుకొనవలెను. ఇక వాల్వు రబ్బరు సంగతి నేను వేఱుగ చెప్పనక్కరలేదు. మూడు ముక్కలు ఒక కాగితమున చుట్టి పెట్టుకొనుడు. వాని బరువును ఏ త్రాసును చూపజాలదు.

అన్నిటికంటె తేలికైన పనిముట్టు మోయనక్కరలేనిది. తారుబాట విడిచి చేల దారి పట్టినప్పుడు వాన కురిసినచో, రేగడి మట్టి చక్రమునకును మడ్డుగార్డునకును నడుమ మేకులు కొట్టినట్లు పట్టును. చక్రము తిరుగదు. సైకిలును భుజమున పెట్టుకొనుటయే గతి. అప్పుడు ఏ ఊరి అంగడిలోను దొరకని పనిముట్టు కావలెను: ఒక చదునైన పుల్ల. వెదురుబద్ద శ్రేష్ఠము. లేనిచో ప్రక్క చేనిలో తీసివేసి గట్టున పడవైచిన ప్రత్తికంప నుండి ఒక కఱ్ఱ విరుచుకొనుడు, ఎవ్వరును కాదనరు. స్క్రూడ్రైవరుతో గీకినవారు టైరు గోడను చీల్చుకొనుటను నేను చూచితిని.

ఇప్పుడు పట్టణపు పిల్లలు గేర్ల సైకిళ్లు తొక్కుచున్నారు. వాని మరలలో పెక్కింటికి ఆరుకోణముల అలెన్ తాళపుచెవులు కావలెను. 4, 5, 6 మిల్లీమీటర్లవి మూడున్నచో చాలవఱకు పని జరుగును. అయినను పదునెనిమిది మడతల కత్తివంటి పనిముట్టును కొనితెచ్చి నాకు చూపుదురు. అందు ఎన్ని మీ సైకిలునకు పట్టునని అడిగినచో నేల చూపులు చూతురు. అది చెడ్డదని నేననను. దాని బరువునకు ధర యిచ్చినారు. దాని పనికి కాదు.

ప్రపంచమున ఈ సమస్యను ఎదుర్కొన్న వారిలో నాకు మిక్కిలి ప్రియమైనవాడు ఫ్రాన్సు దేశీయుడగు యూజీన్ క్రిస్తోఫ్. 1913వ సంవత్సరపు తూర్ ద ఫ్రాన్స్ పందెమున, తూర్‌మలే కనుమ దిగుచుండగా అతని సైకిలు ముందరి ఫోర్కు విరిగెను. పరుల సాయము పొందరాదని నియమము. అతడు సైకిలును మోసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, ఒక పల్లెలోని కమ్మరి కొలిమిని చేరి, తానే ఇనుము కాచి, తానే అతికెను. కొలిమితిత్తిని ఒక బాలుడు ఊదినాడని అతనికి కాల దండనము కూడ విధించిరి. క్రిస్తోఫ్ సంచిలో కొలిమి లేదు. ఎవని సంచిలోను ఉండదు. అతని వెంట ఉన్నది కమ్మరపు పని తెలిసిన చేయి. మన దేశమున 1923 అక్టోబరులో బొంబాయి నుండి బయలుదేరిన పార్సీ యువకులలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా అను ముగ్గురు 1928 మార్చిలో సుమారు 71,000 కిలోమీటర్లు తొక్కి తిరిగివచ్చిరి. ఎడారులును అడవులును దాటిన వారికి అడుగడుగున దుకాణము లేదు. తమ బండిని తామే బాగుచేసికొనగలుగుట వారికి ప్రాణముతో సమానమై యుండవలెను.

నా మిత్రుడొకడు, వ్యాయామోపాధ్యాయుడు, నాతో ఏకీభవింపడు. “రాని ఆపదకు కూడ సిద్ధముగ నుండుటయే జాగ్రత్త” అనును. మంచి మాటయే. కాని ఆపదలు లెక్కలేనన్ని, సంచి ఒక్కటే. విరిగిన ఇరుసునకు మారు ఇరుసు, పగిలిన పెడలునకు మారు పెడలు మోయుచు పోయినచో తుదకు రెండవ సైకిలునే మోయవలసివచ్చును. తఱచుగ వచ్చు ఆపదలకు పనిముట్లు, అరుదుగ వచ్చు వానికి బస్సు ఛార్జీ జేబులో నుండవలెను. నలుగురు కలిసి పోవునప్పుడు మాత్రము అతని మాటకు కొంత విలువ నిచ్చెదను: పంపు ఒకరు, పెద్ద పానా ఒకరు, చైను లంకెలు ఒకరు పంచుకొనవచ్చును. అతుకుల పొట్లము మాత్రము ఎవరిది వారియొద్ద నుండవలెను. వెనుకబడినవాడే సాధారణముగ పంక్చరైనవాడు.

వెనుకటి కాలమున ఇంత ఆలోచన అక్కరలేకపోయెను. ప్రతి కూడలిలోను ఒక సైకిలు దుకాణము, దాని ముందు గంటకింతయని అద్దెకిచ్చు సైకిళ్ల వరుస, ప్రక్కన నీళ్లతొట్టి ఉండెడివి. ఇప్పుడు ఆ దుకాణములలో పెక్కు మోటారుసైకిళ్ల దుకాణములైనవి. పెద్దబాటపై లారీలకు గాలి కొట్టువాడు కనబడునుగాని, అతనియొద్ద వాల్వు రబ్బరు ముక్క ఉండునని నమ్మకము లేదు. అద్దంకిలో నన్ను చూచి నవ్విన వృద్ధునివంటివారు దారిలో ఉన్నంతకాలము నాబోటివాని అజ్ఞానము చెల్లినది.

నా సంచి ఇప్పుడు ఆఱువందల గ్రాములుండును. పంపు, ఒక పానా, రెండు టైరు లివర్లు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, అతుకుల పొట్లము, పటకారు, రబ్బరు ముక్కలు. గత సంక్రాంతి సెలవులలో మా వీధిలోని నలుగురు పిల్లలు కోటప్పకొండకు పోవుచు దానిని ఎరువడిగిరి. వారిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె సంచిని నేలపై కుమ్మరించి, పానాను తన సైకిలు మరకు పెట్టి చూచి, “తాతగారూ, ఇది నా బండికి పట్టదు. ఇది మీరే ఉంచుకోండి. పంపూ, అతుకులూ ఇవ్వండి చాలు” అనెను. తన పానాను తానే తెచ్చుకొనుటకు ఇంటికి పరుగెత్తెను.